వెనకున్నవాళ్లే పరుగెత్తిస్తారు

యాప్‌లు, జీపీఎస్ వాచీలు, వాట్సాప్ గ్రూపులు, వర్చువల్ రేసులు. బెంగళూరులో పరుగెత్తేవాళ్ల చేతికి ఇప్పుడు ఎన్నో సాధనాలు అందాయి. తెల్లవారుజామున మనిషిని దుప్పటిలోంచి బయటికి లాగే శక్తి వీటిలో దేనికుంది?

శనివారం సాయంత్రం ఏడు దాటితే బెంగళూరు రన్నింగ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ‘రేపు ఉదయం 5.30, కబ్బన్ పార్క్, లైబ్రరీ ముందు. 8 కిలోమీటర్లు, నిదానంగా. వచ్చేవాళ్లు పేరు చేర్చండి.’ కింద 1 అంకె పక్కన ఒక పేరు. ఇంకొకరు ఆ మెసేజ్‌ను కాపీ చేసుకుని, 2 వేసి, తన పేరు రాసి మళ్లీ గ్రూపులో పెడతారు. తర్వాత 3, 4, 5. మధ్యలో ఎవరైనా పేరు తీసేసుకుంటే అంకెలు కిందికి దిగుతాయి, తప్పుకున్నదెవరో అందరికీ తెలిసిపోతుంది. పడుకునేముందు ఇంకోసారి తెరిచి చూస్తే జాబితాలో పన్నెండో పదమూడో పేర్లుంటాయి. అందులో మనదీ ఒకటి.

ఈ నగరంలో పరుగును నిలబెడుతున్న సాధనాలన్నిటిలోకీ బలమైనది నా దృష్టిలో ఈ చిన్న జాబితాయే. దీనికి ఉపగ్రహాలు అక్కర్లేదు, నెలవారీ చందా అక్కర్లేదు. రేపు పొద్దున మనం రాకపోతే ఆ సంగతి పట్టించుకునే మనుషులున్నారని ముందురోజు రాత్రే గుర్తుచేసి పడుకోబెడుతుంది. వాచీలూ యాప్‌లూ వృథా అనడం లేదు. వాటిలో పనిచేస్తున్నవాటిని దగ్గరగా చూస్తే లోపల ఉన్నది ఈ సూత్రమే. పనిచేయనివాటిలో లోపించినదీ ఇదే.

ఊరు కాని ఊళ్లో

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో విజయవాడలో తెల్లవారకముందే ఒళ్లు చెమటలు పడుతుంటే ఇక్కడ ఆ వేళకు గాలి చల్లగా తగులుతుంది. అందుకే ప్రపంచస్థాయి పది కిలోమీటర్ల పరుగును ఎండాకాలంలోనే ఇక్కడ జరపగలుగుతున్నారు. ఆ పోటీ, ఇప్పటి టీసీఎస్ వరల్డ్ 10కె, 2008లో మొదలైంది. తొలి ఏడాది ఎరిత్రియా వీరుడు జెర్సెనాయ్ తడెసే గెలిచాడు. 2022లో కెన్యా రన్నర్ నికొలస్ కిమెలి ఆ దూరాన్ని 27 నిమిషాల 38 సెకన్లలో, మహిళల్లో ఐరీన్ చెప్తాయ్ 30 నిమిషాల 35 సెకన్లలో ముగించారు. అదే ఉదయం అవే రోడ్ల మీద వేలాది మామూలు మనుషులు గంటకో, గంటన్నరకో చేరుకుంటారు. పోటీ ఊసు లేకుండా సరదాగా సాగే మజ్జా రన్ ఉంటుంది, పెద్దవయసువాళ్లకు వేరే పరుగు ఉంటుంది. 2014 నుంచి నగరం పేరుతోనే బెంగళూరు మారథాన్ కూడా జరుగుతోంది.

అంతకుముందే, 2000ల మధ్యలో, ‘రన్నర్స్ ఫర్ లైఫ్’ బృందం కంప్యూటర్ల ముందు పరిచయమైనవాళ్లను రోడ్డు మీదికి తెచ్చింది. శ్రీరంగపట్నం దగ్గర కాలువగట్ల వెంట సాగే కావేరీ ట్రయల్ మారథాన్, గంటల తరబడి నడిచే బెంగళూరు అల్ట్రా ఆ బృందం పుణ్యమే. తర్వాత జయనగర్ జాగ్వార్స్, పేస్‌మేకర్స్, రన్నర్స్ హై లాంటివి పుట్టుకొచ్చాయి. ఇప్పుడు శాంకీ చెరువు, అగర చెరువు, కైకొండ్రహళ్లి చెరువు, ఇలా నీళ్లున్న ప్రతిచోటా గట్టు మీద ఒక గుంపు కనిపిస్తుంది.

ఈ గుంపుల్లో మన తెలుగువాళ్లు ఎక్కువే. కడప నుంచో కరీంనగర్ నుంచో శ్రీకాకుళం నుంచో ఉద్యోగానికి వచ్చిన కుర్రాడి సంగతి తీసుకోండి. మారతహళ్లిలో పీజీ, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, రాత్రికి ఆంధ్రా మెస్. ఏడాది గడిచినా టీమ్‌లో ఉన్న ఆరుగురు తప్ప ఊళ్లో ఎవరూ తెలియరు. సొంత ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్తే తెలిసినవాళ్లు పదిమంది కనిపించేవారు, రెండు రోజులు వెళ్లకపోతే ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడిగేవారు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేని ఊళ్లో ఏ మంచి అలవాటైనా నిలబడటం కష్టం. రన్నింగ్ గ్రూపు ఆ లోటును పూడుస్తుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, రిటైరైన బ్యాంకు మేనేజరు, ఇద్దరు పిల్లల తల్లి ఒకే వరసలో పరుగెత్తుతారు. అన్నా, అక్కా, సర్, గురూ అని పిలుచుకుంటారు. ఇంటిపేరు తెలియకుండానే ఆరు నెలలు కలిసి పరుగెత్తినవాళ్లున్నారు. కబ్బన్ పార్క్‌లో పరుగు ముగిశాక లావెల్ రోడ్డులోని ఎయిర్‌లైన్స్ హోటల్‌కి, లాల్‌బాగ్‌లో అయితే ఎంటీఆర్‌కి కలిసి వెళ్తారు. ఇడ్లీ ప్లేటు ముందు కూర్చున్నాకే అసలు కబుర్లు మొదలవుతాయి. మరుసటి వారానికి జాబితా కూడా అక్కడే సగం తయారవుతుంది.

జట్టు పోగొట్టుకున్నవాళ్లు చేసిన యాప్

ప్రపంచమంతటా పరుగెత్తేవాళ్ల ఫోన్లలో ఉండే స్ట్రావా పుట్టుక వెనకా ఇలాంటి లోటే ఉంది. మార్క్ గైనీ, మైకేల్ హోర్వాత్ హార్వర్డ్ విశ్వవిద్యాలయం పడవ పందేల జట్టులో కలిసి తెడ్లు వేశారు. చదువు అయిపోయాక జట్టు చెల్లాచెదురైంది. ఒంటరిగా వ్యాయామం చేస్తుంటే పాత రోజుల్లోని పోటీ, ఎగతాళి, భుజం తట్టడం ఏవీ లేవు. జట్టు బట్టలు మార్చుకునే గదిలోని ఆ వాతావరణాన్ని కంప్యూటర్‌లో సృష్టించవచ్చా అని 1990ల మధ్యలోనే ఆలోచించారు. అప్పటికి సాంకేతికత అందలేదు. అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కలిపిన పొరపాటును 2000 మే నెలలో తీసేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తప్పు చూపే పరికరం ఒక్క రాత్రిలో పనికొచ్చే వస్తువైంది. 2003లో గార్మిన్ చేతికి కట్టుకునే ఫోర్‌రన్నర్‌ను తెచ్చింది. 2006లో నైకీ, యాపిల్ కలిసి బూటులో పెట్టే సెన్సర్‌ను ఐపాడ్‌తో జోడించాయి. ఫోన్లలోకి జీపీఎస్ వచ్చింది. 2009లో స్ట్రావా మొదలైంది, ముందు సైకిళ్లు తొక్కేవాళ్ల కోసం. 2022కల్లా దాని సభ్యులు పది కోట్లు దాటారు.

పరుగు ముగించి బటన్ నొక్కగానే మనం వెళ్లిన దారి పటం మీద గీతై కనిపిస్తుంది. మిత్రులు చూసి కుడోస్ ఇస్తారు, అంటే బొటనవేలెత్తి శభాష్ అనడం. ఒక వీధిముక్కకో, చెరువుగట్టు ముక్కకో సెగ్మెంట్ అని పేరు పెడితే, అక్కడ పరుగెత్తినవాళ్లందరి సమయాలూ ఒక పట్టికలో చేరతాయి. మొదట్లో ఆ పట్టికలో కిరీటం అందరికన్నా వేగంగా వెళ్లినవాళ్లకే దక్కేది. 2020లో ‘లోకల్ లెజెండ్’ అని ఇంకో గౌరవం చేర్చారు. గడిచిన 90 రోజుల్లో ఆ ముక్క మీద ఎక్కువసార్లు పరుగెత్తినవాళ్లకు అది దక్కుతుంది. వేగంతో పని లేదు. రోజూ నిదానంగా వచ్చి వెళ్లే మనిషికి కూడా ఆ ఊరి పటంలో పేరు దొరికింది. చూడటానికి చిన్న మార్పే కానీ, వేగానికే విలువ కట్టిన యాప్, రోజూ రావడానికి కూడా విలువ కట్టడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ చేసిన పనుల్లో నాకు ఎక్కువగా నచ్చింది ఇదే.

విశాఖలో వాన, బెంగళూరులో పరుగు

తోటివాళ్లను చూసి మనం పరుగెత్తుతామా? ఇది వినగానే ‘అవును’ అనిపించే ప్రశ్నే, కానీ రుజువు చేయడం తేలిక కాదు. పరుగంటే ఇష్టమున్నవాళ్లే పరుగెత్తేవాళ్లతో స్నేహం చేస్తారు కదా, ఇద్దరూ కలిసి పరుగెత్తితే ఎవరు ఎవరిని కదిలించినట్టు? ఎంఐటీ పరిశోధకులు సినాన్ అరాల్, క్రిస్టోస్ నికొలాయిడెస్ ఈ ముడి విప్పి 2017లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో ప్రచురించారు. పరుగు గురించి నేను చదివినవాటిలో నన్ను ఇంతగా ఆలోచింపజేసింది మరొకటి లేదు.

వాళ్లు 11 లక్షల మంది రన్నర్ల ఐదేళ్ల లెక్కలు తీసుకున్నారు. ఆ పరుగంతా కలిపితే 35 కోట్ల కిలోమీటర్లు. ముడి విప్పడానికి వాతావరణాన్ని వాడుకున్నారు. మన ఊళ్లతో చెప్పుకుందాం. నేను బెంగళూరులో ఉన్నాను, నా స్నేహితుడు విశాఖలో. ఈ ఉదయం విశాఖలో జోరువాన, అతను బయటికి రాలేదు. బెంగళూరులో చినుకు లేదు. అయినా ఈ రోజు నా పరుగు తగ్గిందంటే దానికి కారణం వాన కాలేదు. స్నేహితుడు పరుగెత్తకపోవడమే నా మీద పనిచేసి ఉండాలి. లక్షలమంది మధ్య, ఎన్నో ఊళ్ల మధ్య ఇలా లెక్కగట్టారు. మిత్రుడు ఒక కిలోమీటరు అదనంగా పరుగెత్తితే మనం అదే రోజు సుమారు 300 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతాం. అతను పది నిమిషాలు పెంచితే మనం మూడు నిమిషాలు పెంచుతాం. ఒకరి పరుగు ఇంకొకరికి నిజంగానే అంటుకుంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది ఆ తర్వాత తేలింది. ఎవరు ఎవరికి అంటిస్తున్నారు? బాగా పరుగెత్తేవాళ్లను చూసి కొత్తవాళ్లు స్ఫూర్తి పొందుతారని మనం అనుకుంటాం. ఛాంపియన్ ఫొటోలు గోడకు అంటించేది అందుకే. లెక్కలు మరోలా వచ్చాయి. తక్కువ పరుగెత్తేవాళ్లు ఎక్కువ పరుగెత్తేవాళ్లను కదిలిస్తున్నారు. ఎక్కువ పరుగెత్తేవాళ్ల ప్రభావం తక్కువ పరుగెత్తేవాళ్ల మీద కనిపించలేదు. వెనక ఉన్న మనిషి రెండడుగులు దగ్గరికి వచ్చాడని తెలిస్తే ముందున్న మనిషి కాలు కదుపుతాడు. మరీ ముందున్నవాణ్ని చూసి వెనకవాడు ‘అది మనవల్ల అయ్యే పని కాదులే’ అని కూర్చుంటాడు.

ఇప్పుడు మన గ్రూపుల సంగతి చూడండి. మారథాన్‌ను మూడున్నర గంటల్లో ముగించినవాళ్లు పరుగు వివరాలు వెంటనే పంచుకుంటారు. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు పట్టినవాళ్లు ఆ పరుగును ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్ మార్చేస్తారు. ‘నాది కూడా ఒక పరుగేనా, అందరి ముందు పెట్టడానికి’ అంటారు. ఆ మాట చాలామంది నోట విన్నాను, ముఖ్యంగా నలభై దాటాక మొదలుపెట్టిన మన ఆడవాళ్ల నోట. వాళ్లు దాచేస్తున్న ఆ మూడు కిలోమీటర్లే గుంపులో మిగతావాళ్లను కదిలించగలిగినవి. గ్రూపు అడ్మిన్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. ఆదివారం సాయంత్రం మొదటి మూడు స్థానాల ఫొటోలు పెట్టండి, తప్పు లేదు. వాటికన్నా ముందు, ఈ వారం మొదటిసారి ఆగకుండా రెండు కిలోమీటర్లు వెళ్లిన మనిషి పేరు పెట్టండి.

ఆ పరిశోధనలో ఇంకో మాట ఉంది. మగవాళ్లను మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ కదిలిస్తున్నారు. ఆడవాళ్లను ఆడవాళ్లు మాత్రమే కదిలిస్తున్నారు. గ్రూపు నిండా మగవాళ్లుండి, ‘మా దగ్గర లేడీస్ రావడం లేదండీ’ అని వాపోయేవాళ్లకు సమాధానం ఇక్కడుంది. 2012లో ముంబైలో మొదలై తర్వాత బెంగళూరుకూ వచ్చిన పింకథాన్, పూర్తిగా మహిళల పరుగు, అంతమందిని బయటికి రప్పించగలగడానికి కారణమూ ఇదేనని నా నమ్మకం. పక్కింటావిడ వెళ్లింది, ఆవిడకు ఏమీ కాలేదు, అత్తగారు కూడా ఏమీ అనలేదు. అది కళ్లారా చూశాక మనమూ బూట్లు కొనుక్కుంటాం.

చివరి మనిషికి తోడు

2004 అక్టోబర్ 2న లండన్ శివారులోని బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హెవిట్ అనే రన్నర్ పిలిస్తే 13 మంది వచ్చి 5 కిలోమీటర్లు పరుగెత్తారు. గాయం వల్ల తాను పరుగెత్తలేని రోజుల్లో స్నేహితులకు దూరం కాకుండా ఉండేందుకు ఆయన చేసిన ఏర్పాటది. ఇవాళ పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాల్లో ప్రతి శనివారం ఉచితంగా జరుగుతోంది. ఒక్కసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ దగ్గర పెట్టుకుంటే చాలు, పరుగు ముగిశాక ఫలితం మెయిల్‌కి వస్తుంది. అక్కడ టెయిల్ వాకర్ అని ఒక స్వచ్ఛంద సేవకుడు ఉంటాడు. అందరికన్నా వెనక నడవడమే అతని పని. దానివల్ల వచ్చినవాళ్లెవరూ చివరివాళ్లు కారు. 2024 ఫిబ్రవరిలో పార్క్‌రన్ తన వెబ్‌సైట్ నుంచి అత్యంత వేగవంతుల పట్టికలను తీసేసింది. కొత్తవాళ్లు ఆ పట్టికలు చూసి బెదురుతున్నారన్నది కారణం. వేగంగా పరుగెత్తేవాళ్లు చాలా కోప్పడ్డారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, కష్టపడి తెచ్చుకున్న రికార్డు కనిపించకుండా పోతే ఎవరికైనా నొప్పే. అయినా నేను పార్క్‌రన్ పక్షమే.

కొత్తవాళ్ల కోసం పుట్టిన ‘కౌచ్ టు 5కె’ ప్రణాళిక కథా ఇలాంటిదే. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, యాభైల్లో ఉన్న తన తల్లి చేత పరుగు మొదలుపెట్టించాలని తొమ్మిది వారాల పట్టిక రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చిమార్చి 20 నిమిషాలు. అంతే. ఇవాళ ఎన్నో యాప్‌లు చెవిలో ‘ఇప్పుడు పరుగెత్తండి, ఇప్పుడు నడవండి’ అని చెప్పేది ఈ పట్టిక ఆధారంగానే. మన హైదరాబాద్‌లో 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ దీన్ని పార్కుల్లోకి తెచ్చి మనుషుల మధ్య నేర్పింది. ఏటా ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో నెక్లెస్ రోడ్డు నుంచి ఫ్లైఓవర్లు ఎక్కిదిగుతూ గచ్చిబౌలి వైపు సాగేవాళ్లలో ఎంతోమంది ఒకప్పుడు ఆ 60 సెకన్ల దగ్గర మొదలైనవాళ్లే. పట్టిక ఒంటరిగా ఫోన్‌లో ఉంటే మూడోవారం దగ్గర ఆగిపోవడం సులువు. పదిమంది ఒకే వారంలో ఉన్నారంటే నాలుగోవారం తప్పకుండా వస్తుంది.

వాచీ ఎందుకు ఎక్కువ చూపిస్తుంది

ఏ రేసు అయిపోయినా గ్రూపులో వచ్చే మొదటి వాదన ఇదే. ‘నా వాచీలో 10.2 చూపించింది, రూట్ ఎక్కువ కొలిచారు.’ సాధారణంగా తప్పు రూట్‌ది కాదు. గుర్తింపు పొందిన రేసుల్లో దారిని చక్రానికి మీటరు బిగించిన సైకిల్ మీద, మలుపుల్లో అతి దగ్గరి గీత పట్టుకుని కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. వేలమంది మధ్య పక్కలకు తప్పుకుంటూ, నీళ్ల బల్లల దగ్గరికి వెళ్తూ పరుగెత్తే మనం ఆ గీత మీద ఉండం. పైగా వాచీ మాట్లాడేది 20 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలతో. కబ్బన్ పార్క్ చెట్ల కింద ఆ సంకేతం బలహీనమవుతుంది, ఎంజీ రోడ్డు భవనాలకు తగిలి చెదురుతుంది. గీత వంకర్లు పోతుంది, దూరం పెరుగుతుంది. వాచీని గడియారంగా నమ్మవచ్చు, కొలబద్దగా కొంచెం తక్కువగానే నమ్మాలి.

అంకె తిరగబడితే

అంకెలకు బలం లేదనలేం. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు ఒక వింత కనిపించింది. మూడున్నర గంటలు, నాలుగు గంటలు లాంటి గుండ్రని అంకెలకు ఒకటి రెండు నిమిషాల ముందు చేరుకునేవాళ్లు కుప్పగా ఉంటారు, ఆ అంకె దాటగానే పల్చబడతారు. చివరి రెండు కిలోమీటర్లలో కాళ్లు మొరాయిస్తున్నా 3:59 కోసం మనిషి తనను తాను ఈడ్చుకెళ్తాడు.

కానీ ప్రతిరోజూ అంకె కోసమే బతికితే ఏమవుతుంది? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డన్ ఎట్కిన్ 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, అడుగుల లెక్క కనిపించినవాళ్లు ఎక్కువే నడిచారు. ఆ నడకను ఆస్వాదించింది మాత్రం తక్కువ. లెక్కించడం ఆపేశాక ఆ పని మీద ఆసక్తి కూడా తగ్గింది. ఇష్టంగా చేసే పని ఉద్యోగంలా అనిపించడం మొదలైందన్నమాట. గ్రూపుల్లో ఆరు నెలలు అదరగొట్టి ఒక్కసారిగా కనిపించకుండా పోయినవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ పరిశోధన గుర్తొస్తుంది.

స్ట్రీక్ అనే రోజువారీ లెక్క ఇంకా పదునైనది. వంద రోజుల పాటు రోజుకు కనీసం 2 కిలోమీటర్లు పరుగెత్తే సవాలు మన దేశంలో ఎంతోమందిని నిలకడగా నడిపించింది, అందులో సందేహం లేదు. 2020లో రేసులన్నీ ఆగిపోయినప్పుడు ఎవరికి వీలైన చోట వాళ్లు పరుగెత్తి లెక్క పంపే ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్ ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 2 దాకా నడిచింది. ఆ నవంబరు 29న ఢిల్లీ హాఫ్ మారథాన్‌లో మేటి రన్నర్లు రోడ్డు మీద, మిగతావాళ్లు తమ తమ ఊళ్లలో యాప్ పెట్టుకుని పరుగెత్తారు. ఇళ్లలో బందీలైన రోజుల్లో ఆ ఏర్పాట్లు ఎందరి మనసుల్నో కాపాడాయి. అయితే జ్వరంలోనూ, మడమ వాచినప్పుడూ, ‘ఈ రోజు తప్పితే 71 రోజులు పోతాయి’ అని పరుగెత్తేవాళ్లున్నారు. బ్రిటిష్ రన్నర్ రాన్ హిల్ 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా 52 ఏళ్ల 39 రోజులు ఒక్కరోజూ మానకుండా కనీసం ఒక మైలు పరుగెత్తాడు. 1970 బోస్టన్ మారథాన్ విజేత ఆయన. చివరికి పరుగు మధ్యలో గుండెనొప్పి వచ్చాక ఆపేశాడు. అంత గొప్ప మనిషే ఆగగలిగినప్పుడు, వంద రోజుల సవాలులో ఒక రోజు విశ్రాంతి తీసుకోవడానికి మనం వెనకాడనక్కర్లేదు.

2024లో ఇండొనేసియా నుంచి ఇంకో వార్త వచ్చింది. డబ్బు తీసుకుని మన బదులు పరుగెత్తి, ఆ లెక్కను మన ఖాతాలో వేసే కుర్రాళ్లు అక్కడ తయారయ్యారు. కిలోమీటరుకు ఇంత, వేగంగా కావాలంటే ఇంకొంచెం ఎక్కువ. తోటివాళ్ల మెప్పు కోసం పరుగునే అద్దెకు తీసుకోవాల్సిన స్థితికి ఒక మనిషి చేరాడంటే, అతని చుట్టూ చూసేవాళ్లు వేలమంది ఉండి, పక్కన నడిచేవాళ్లు ఒక్కరూ లేరని అర్థం.

గీత ఇల్లు చూపిస్తుంది

ఇది ముఖ్యంగా ఆడపిల్లలు చదవాలి. 2017 నవంబరులో స్ట్రావా ప్రపంచవ్యాప్తంగా తన సభ్యులు పరుగెత్తిన దారులన్నిటినీ వెలుగు గీతలుగా చూపే పటం విడుదల చేసింది. రెండు నెలలకు ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు గమనించారు, ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాల లోపలి దారులు కూడా అందులో మెరుస్తున్నాయని. ప్రహరీ చుట్టూ పరుగెత్తిన సైనికులు తెలియకుండానే ఆ పటం గీశారు. సైన్యాల రహస్యమే దాగనప్పుడు, రోజూ 5.15కి ఒకే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మొదలై ఒకే గేటు దగ్గర ముగిసే గీత ఏం చెబుతుందో ఊహించుకోండి.

యాప్ తెరిచి మొదట చేయాల్సిన పని పరుగు మొదలుపెట్టడం కాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటి చుట్టుపక్కల భాగం పటంలో కనిపించకుండా దాచడం. పరుగు వివరాలు తెలిసినవాళ్లకే కనిపించేలా పెట్టుకోండి. ఫొటోలూ దారీ పరుగు మధ్యలో కాకుండా ఇంటికి చేరాక పెట్టండి. ఇంకా వెలుతురు రాని వేళ వెళ్తుంటే ఇంట్లో ఒకరికి వాట్సాప్ లైవ్ లొకేషన్ పంపి బయల్దేరండి, 2017 నుంచి ఆ సదుపాయం అందులోనే ఉంది. బెంగళూరులో వీధికుక్కల బెడద, దీపాలు వెలగని సందులు ఒంటరి పరుగును ఎంత కష్టం చేస్తాయో పరుగెత్తేవాళ్లకు తెలుసు. దీపాలున్న చోట కలుసుకుని కలిసి కదలడానికి గ్రూపు అవసరమయ్యేది అందుకు కూడా.

లెక్కలన్నీ ఒకే కంపెనీ చేతిలో వదిలేయడమూ మంచిది కాదు. ఎండొమొండో అనే డెన్మార్క్ యాప్‌ను ఒకప్పుడు మన రన్నర్లూ వాడేవారు. 2020 డిసెంబరు 31న దాన్ని మూసేశారు. ముందే కాపీ దింపుకున్నవాళ్లకే పాత పరుగులు మిగిలాయి. ఏడాదికోసారి మీ లెక్క దింపి దాచుకోండి.

ఊళ్లో నాన్న అడుగులు

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను ఏ వాచీ కొనాలని అడుగుతుంటారు. మూడు నెలల దాకా ఏదీ కొనొద్దనే చెబుతాను. ఫోన్‌లో ఒక ఉచిత యాప్, కాళ్లకు సరిపోయే బూట్లు, ఇంటికి దగ్గరలో ఒక గ్రూపు చాలు. యాప్‌లో వందమందిని అనుసరించే బదులు మీకన్నా కాస్త ముందున్నవాళ్లు ఇద్దరు, మీతో సమానమైనవాళ్లు ముగ్గురు, మీ వెనక మొదలుపెట్టినవాళ్లు ముగ్గురు ఉండేలా చూసుకోండి. వాళ్ల పరుగు కింద ఒక బొటనవేలు నొక్కి వదిలేయకుండా ఒక మాట రాయండి. ‘నిన్న రాలేదేం, ఒంట్లో బాగాలేదా?’ అన్న వాక్యానికి వంద కుడోస్‌లు సరితూగవు.

ఆ జాబితాలో ఇంకొకరిని చేర్చమంటాను. ఒంగోలులోనో నల్లగొండలోనో ఉన్న నాన్నను. ఆయన ఫోన్‌లో అడుగులు లెక్కించే యాప్ పెట్టి, సాయంత్రం ఆ అంకెను ఫ్యామిలీ గ్రూపులో వేయమనండి. రోజుకు పదివేల అడుగులన్న లెక్క విని ఆయన బెంబేలెత్తితే ఒక సంగతి చెప్పండి. ఆ పదివేలు వైద్యులు తేల్చిన అంకె కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ తన అడుగుల మీటరు అమ్ముకోవడానికి పెట్టుకున్నది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల అడుగులను పరికరాలతో లెక్కించి, తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యాన్ని గమనించింది. రోజుకు 2,700 అడుగులు వేసినవాళ్లతో పోలిస్తే 4,400 వేసినవాళ్లలో మరణాలు గణనీయంగా తక్కువ. 7,500 దగ్గరికి వచ్చాక లాభం అంతకుమించి పెరగలేదు. నాన్నకు 4,400 అందనిదేమీ కాదు. బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చి, సాయంత్రం గుడి దాకా నడిచి వస్తే సగం పైనే పూర్తవుతుంది.

అరాల్, నికొలాయిడెస్ లెక్క పరుగుకు సంబంధించినదే అయినా నడకకూ వర్తిస్తుందని నా ఊహ. అమ్మానాన్నలను నడిపించడం మన బాధ్యత అనుకుని యాప్ పెడతాం. రాత్రి ఎనిమిదింటికి ఫ్యామిలీ గ్రూపులో ‘ఈ రోజు 4,612’ అని నాన్న పంపిన మెసేజ్ చూశాక, మర్నాడు అలారం ఆపి తిరిగి పడుకోవడం ఆ కొడుక్కో కూతురికో అంత తేలిక కాదు.